మావయ్య తినని చిలకడదుంప

హైవే హోటళ్లలో చిలకడదుంప ఫ్రైస్ కొత్తగా దిగిన రోజులవి. శృంగవరపుకోట నుంచి నరసన్నపేట దాకా, అవి దొరికే హోటల్ కనిపిస్తే చాలు, మా మావయ్య నా బండి ఆపించేవాడు. ప్లేటు రాగానే ఒక ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. వాసన చూసి నా నోట్లో పెట్టేవాడు.

"సెప్పరా, లోపల మెత్తగా ఉన్నాదా?"

తను మాత్రం ఒక్కటీ తినేవాడు కాదు. తినని దానికోసం ఈ తిరుగుడేమిటని ఒకరోజు విసుక్కున్నాను.

"మీ అత్తకి బాగోనేనప్పుడు మొక్కుకున్నాను. అది లేసి తిరిగినాక కాశీ ఎల్లి ఒగ్గీసినాను. అందరూ కాకరకాయ ఒగ్గేస్తారు. ఇష్టం లేనిది ఒగ్గేస్తే దేవుడికి తెలీదేటి?" అంటూ ప్లేటు నా వైపు జరిపాడు.

మావయ్య పోయిన పదో రోజున, నేను అన్నిటికన్నా బాగున్నాయని చెప్పిన నరసన్నపేట హోటల్ నుంచి ఒక పొట్లం తెచ్చాను. దారిలోనే చల్లారి మెత్తబడిపోయాయి. కాశీలో వదిలేసింది ఆయన విస్తట్లో వడ్డించకూడదని పెద్దవాళ్లు అడ్డుపడ్డారు.

అత్త నా చేతిలో పొట్లం లాక్కుంది.

"నా పేనం కోసరం ఒగ్గీసినాడు. ఇప్పుడు నాకేటైనా పరవానేదు, తిననీండి," అంటూ మొత్తం విస్తట్లో పోసింది.