అత్త పెట్టని సంతకం

నా చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే అందరికంటే ముందు చోటు మారేది మా మేనత్త ట్రంకుపెట్టె. ఆదోనిలో పత్తి మండీల వెనక వీధిలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నాన్న ఒక మండీలో గుమాస్తా. మేనత్త ఆయనకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చి, పట్టుబట్టి చదువుకుని, ఊళ్ళో ఆడపిల్లల బడిలో పంతులమ్మ అయింది. జీతం తెస్తున్నా ఇంట్లో ఆమెకంటూ ఉన్నవి వంటింటి మూల ఒక చాప, ఆ పెట్టె. చుట్టాలు వస్తే పెట్టె వసారాలోకి వెళ్ళేది. వాన పడితే తడిసేది. అత్త పుస్తకాలు ఒక్కొక్కటే ఆరబెట్టుకునేది కానీ ఏమీ అనేది కాదు. నేను కూడా అడగకుండా మూత తీసి బలపాలు, రంగు కాగితాలు తీసుకుని స్నేహితురాళ్ళకు పంచేదాన్ని. అది తప్పని నాకు తోచేది కాదు. ఇంట్లో అందరూ చేసేదే నేనూ చేసేదాన్ని.

అవి రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజులు. నాకు తొమ్మిదేళ్ళు, అత్త పనిచేసే బడిలోనే నాలుగో తరగతి. ఒకనాడు బడి మేనేజరు పంతులమ్మలందరికీ ఒక కాగితం పంచాడు. ప్రావిడెంట్ ఫండు పెడుతున్నారట. నెలనెలా జీతంలో కొంత పట్టుకుంటారు, బడివాళ్ళు తమ వంతు కలుపుతారు, ఉద్యోగం మానే నాటికి మొత్తం చేతికిస్తారు. చేరడం, చేరకపోవడం ఎవరిష్టం వాళ్ళది. మధ్యలో మనిషి పోతే ఆ డబ్బు ఎవరికి చెందాలో కాగితం చివర రాయాలి. నాన్న ఎంతో సంతోషించి అక్కడ తన పేరు తనే రాసేశాడు. అందులో దురాశ ఏమీ లేదని ఇప్పటికీ నమ్ముతాను. అక్క తరఫున ఇంకెవరి పేరు రాయాలో ఆయనకు తోచలేదు, అంతే.

సరిగ్గా ఆ నెలలోనే కొండ కింది వీధిలో ఒక చిన్న మిద్దె అమ్మకానికి వచ్చింది. ఒక గది, వంటిల్లు, పెరట్లో రుబ్బురోలు. దూదేకే సాయబు పోయాక ఆయన భార్య ఎమ్మిగనూరులో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ అమ్ముతోంది. అత్త దాచుకున్న రెండు బంగారు గాజులు అమ్మితే సగం ధర వస్తుంది. మిగతాది జీతంలోంచి నెలనెలా ఇస్తే చాలని ఆ అవ్వ ఒప్పుకుంది. కానీ అలా ఇస్తూపోతే ఫండుకు ఏమీ మిగలదు. రెండింటిలో ఒకటే.

"సంతకం పెట్టక్కా. ముసలితనంలో అక్కరకొస్తాది" అన్నాడు నాన్న.

"ముసలితనం వచ్చేదాకా నేను యాడ ఉండాల?"

"అదేం మాట? మా ఇంట్లోనే ఉండావు గదా!"

"మీ ఇంట్లోనే. నేను సెప్తాండేదీ అదే."

నాన్నకు కోపం వచ్చింది. ఒంటి ఆడమనిషికి ఇల్లెందుకన్నాడు. ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. అమ్మ తల వంచుకుని బియ్యం ఏరుతూ ఉండిపోయింది.

మరునాడు బడి వదలగానే అత్త నన్ను ఆ మిద్దె దగ్గరకు తీసుకుపోయింది. నన్నొక్కదాన్నే లోపలికి పంపి తను గడప అవతల నిలబడింది. "తలుపేసి గడియ పెట్టుకో. నేను పిలిస్తే తీయాలని లేదు. నీకు తీయాలనిపిస్తేనే తియ్యి" అంది.

ఆటేమో అనుకుని గడియ పెట్టాను. మా ఇంట్లో తలుపు వేసుకునే చనువు నాన్నకు తప్ప ఎవరికీ లేదు. ఖాళీ గది చల్లగా ఉంది, పాత దూది వాసన వేస్తోంది. నేల మీద వెల్లకిలా పడుకున్నాను. గట్టిగా పాడాను. ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపటికి అత్త పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. అంత పెద్దమనిషి ఎండలో నిలబడి అడుగుతోంది, నేను లోపల తీరిగ్గా ఆలోచించుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆమె పెట్టె గుర్తొచ్చి నా ముఖం వేడెక్కింది. లేచి తలుపు తీసి, "నీ పెట్టె ఇంక ముట్టనత్తా" అన్నాను.

అత్త కొంగుతో చెమట తుడుచుకుంది. "అడిగి ముట్టుకో. అడిగితే నేనెందుకియ్యను?" అంది.

ఆ వారంలోనే అత్త మాకు లెక్కలు చెబుతుండగా మేనేజరు మా తరగతికి వచ్చాడు. "అందరూ సంతకాలు పెట్టినారమ్మా. నువ్వొక్కదానివే మిగిలినావు. రేపు నీకు దిక్కెవరు?" అన్నాడు, పిల్లలందరూ వింటుండగానే. అత్త ఆ కాగితాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టింది. "రేపటి సంగతి రేపు చూసుకుంటానండీ. ఈ పొద్దు నాకు ఇల్లు కావాల" అంది. ఆయన అక్కడే నిలబడి ఉండగా నల్లబల్ల వైపు తిరిగి సగంలో ఆగిన లెక్క పూర్తి చేసింది.  అంకెలు తిన్నగా పడ్డాయి.

కొత్తింటికి మమ్మల్నెవరినీ వెళ్ళొద్దన్నాడు నాన్న. అత్త అందులో పాలు పొంగించే రోజు ఉదయం ఆయన మండీకి వెళ్ళగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని, పాలచెంబుతో నడివీధిలోనే నడిచి వెళ్ళింది. అక్కడ పొయ్యి వెలిగించి, చెంబు అత్త చేతికిచ్చింది. భర్త లేని మనిషి అలాంటివి ముట్టుకోకూడదనే కాలం అది. అత్త వెనక్కి తగ్గింది.

"ఇల్లు నీది వదినా. పాలు నువ్వే పొయ్యాల."

"నేను పొయ్యకూడదంటారు గదా!"

"అనేవాళ్ళెవరూ ఈడ లేరు" అంది అమ్మ.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు.

అత్త లెక్క సరైనదని నేను వాదించను. ఫండులో చేరిన పంతులమ్మలు ఉద్యోగం మానాక కాస్త నిశ్చింతగానే బతికారు. అత్త మాత్రం నందవరం, పెద్దకడుబూరు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలను ఇంట్లో పెట్టుకుని, వాళ్ళవాళ్ళు తెచ్చిచ్చే జొన్నలతో, వేరుశనక్కాయలతో నెట్టుకొచ్చింది. కంటి ఆపరేషనుకు డబ్బు నాన్నే ఇచ్చాడు. ఇచ్చి, "ఆనాడు నా మాట వినుంటే?" అన్నాడు. ఆమె కట్టు కట్టిన కన్నుతోనే నవ్వింది. "నా ఇంటికొచ్చి అంటాండావు కాబట్టి వింటాండాను తమ్ముడా. మీ ఇంట్లో అనింటే ఏడుద్దును" అంది.  నాన్న ఆ పూట అక్క ఇంట్లో భోంచేసి వచ్చాడు.

తరువాత నేనూ ఉద్యోగం చేశాను, ఫండులో చేరాను. అత్త తప్పు పట్టలేదు, నీ బతుకు నీదంది. ఆమె నాకు నేర్పింది ఇల్లు కొనమని కాదు. ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఒకతె ఒంటరిగా పట్నంలో ఉంటానంటుంది, ఇంకొకతె ఉద్యోగం మానేసి మళ్ళీ చదువుతానంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు "ఆడపిల్ల, దానికెందుకు..." అని మొదలుపెడతారు. ఎనభై దాటినా నాకు గొంతు బాగానే ఉంది. ఆ మాట పూర్తి కానివ్వను.