ఓళిగ తిన్న చక్కు

అది 1964. హిందూపురంలో ఆయిల్ ఇంజన్ల ఫిట్టర్‌గా నేను చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీద తిరుగుతున్న రోజులు. బావుల మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు పోయి కొత్తగా ఇంజన్లు వస్తున్నాయి. కరెంటు మాత్రం ఇంకా చాలా ఊళ్లకు రాలేదు. అందుకే నా దగ్గర ఉన్నది చేత్తో పిడి తిప్పే డ్రిల్లు. దానికి తీగ అక్కర్లేదు, భుజాల్లో బలం ఉంటే చాలు.

ఆ డ్రిల్లు గురించి రెండు మాటలు చెప్పాలి. దాని మూతిని చక్కు అంటారు. లోపల మూడు దవడలుంటాయి. పైనున్న తొడుగు తిప్పితే అవి దగ్గరికొచ్చి, బెజ్జం వేసే బిట్టును పట్టుకుంటాయి. ఈ చక్కుకు గుండ్రటి తోక ఉన్న బిట్టే కావాలి. వడ్రంగులు తిప్పే బ్రేసుకు రెండే దవడలు, దాని బిట్లకు పలకల తోక, అవి కొయ్య తొలవడానికే. ఒకదానిది ఇంకోదానికి పెట్టామా, గుర్రం జీను ఎద్దుకు వేసినట్టే.

చిలమత్తూరు పక్క పల్లె నుంచి సంజీవప్ప అనే రైతు కబురు పెట్టాడు. వాన మొహం చాటేసింది. రాగి పైరు పాలు పోసుకునే వేళకు వాడిపోతోంది. బావి దగ్గర పంపు గొట్టం అతుకులో బోల్టు విరిగి, ముక్క లోపలే ఉండిపోయింది. ఆ సందులోంచి గాలి దూరుతున్నంతసేపూ పంపు నీళ్లు లాగదు. ముక్క నడిమధ్యన బెజ్జం వేసి ఊడబెరకాలి.

నేను చేరేసరికే పొద్దు వాలింది. మర్నాడు ఆయుధ పూజ. ఆ రోజు పనిముట్టు ముట్టడానికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. పైరు పోతోందని సంజీవప్ప గొణిగితే వాళ్లమ్మ నాగమ్మవ్వ కళ్లెర్రజేసింది.

"ఒగదినం దాన్నీ కూచోనీ అప్పా. ఏడాదంతా తిరిగేదే గదా!"

డ్రిల్లున్న పనిముట్ల పెట్టె వాళ్లింట్లోనే ఉంచి ఇంటికి పోయాను.

పూజ మర్నాడు పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టాను. పిడి తిరుగుతోంది, చక్కు తిరుగుతోంది, బిట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకా బిగిస్తే వంకరగా పట్టి, తాగినవాడిలా ఊగింది. తోక అరిగిందనుకుని బిట్టు మార్చాను. అదీ అంతే. అమ్మిన అంగడివాణ్ణి తిట్టుకున్నాను. పెట్టెలో పాత చక్కు ఒకటి ఉంటే తీశాను. దాని మర వేరు, ఈ కడ్డీకి ఎక్కనే లేదు.

చుట్టూ జనం చేరారు. సలహాలకు కరువు లేదు. ఊరి వడ్రంగి ఓబులేసు తన బ్రేసు బిట్టు పట్టుకొచ్చాడు.

"ఇది పెట్టన్నా. నాలుగు పలకలుండాది, యాడికి జారుతాది?"

"మూడు దవడల్లో నాలుగు పలకలు ఎట్ల కూచుంటాయప్పా?"

"పెట్టి చూస్తే పోయేదేముండాది?"

పెట్టాం. ఒక్క తిప్పుకే ఎగిరి బావిలో పడింది. ఓబులేసు ముందు బావిలోకి, తర్వాత నా మొహంలోకి చూశాడు.

సంజీవప్ప గట్టు మీద కూలబడ్డాడు. "మేస్త్రీ, ఈ పొద్దు నీళ్లు పారకపోతే ఇంగ తాలే మిగిలేది" అన్నాడు. నేను డ్రిల్లు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు కనిపించాయి చీమలు. చక్కు మూతిలోంచి బారుగా దిగుతున్నాయి. ఇనుములో చీమలకేం పని? ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే నెయ్యి, బెల్లం, యాలకుల వాసన.

"దీంట్లో ఏం పెట్టినారు?" అని అరిచాను.

నాగమ్మవ్వ ఏ బెరుకూ లేకుండా ముందుకొచ్చింది. "ఓళిగ పెట్టినా. అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టినా గానీ, ఇదొక్కటే నోరు తెరుచుకోని చూస్తాండాది. పండగ పూట పస్తు పెడతారా సాయిబూ? నేతిలో అద్ది, వేలితో లోపలికి తోసినా."

ఓళిగంటే బొబ్బట్టు. సంజీవప్ప తల పట్టుకున్నాడు. "ఏమ్మా, ఇనుముకు ఎవురన్నా తినిపిస్తారా?"

"నీకు తినిపించలేదా?" అంది అవ్వ.

కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. తొడుగు విప్పి దవడలు, వాటి మధ్యనున్న సన్నటి స్ప్రింగులు బయటికి తీశాను. పూర్ణం గట్టిపడి దవడలకు అడ్డం పడింది, నెయ్యి వాటి పట్టు తీసేసింది. అన్నీ కిరసనాయిలుతో కడిగి, ఏ గాడిలో దవడ ఆ గాడిలో పెట్టి బిగించాను. అరిగిందని నేను తీసేసిన మొదటి బిట్టునే చక్కు ఉడుంపట్టు పట్టింది. బోల్టు ముక్క ఊడొచ్చింది.

మధ్యాహ్నానికి ఇంజను దడదడమంది, కాలవలో నీళ్లు పారాయి. సంజీవప్ప ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ కళ్లు తడిశాయి.

నాగమ్మవ్వ మాత్రం డ్రిల్లు వైపు చూసి, "తిన్నంక పని చేయక ఏం జేస్తాది?" అంది.

బిట్టు పట్టకపోతే దాని తోకనూ అంగడివాణ్ణీ తిట్టే ముందు చక్కు నోరు తెరిచి చూడాలని నాకు ఆ పనిలో తెలిసింది. దవడలు శుభ్రంగా ఉంటేనే ఏ బిట్టు కుదురుతుందో, ఏది కుదరదో తెలిసేది. ఆ తర్వాత పెట్టె ఎక్కడ వదిలినా మూతి బిగించే వదిలాను.

మా ఇంట్లో ఆయుధ పూజ లేదు. అయినా ఏటా ఆ రోజు మా ఆవిడ చేత ఒక ఓళిగ చేయించి డ్రిల్లు పక్కన పెడతాను. ఇదేం పిచ్చి అని ఆమె నవ్వుతుంది. మానేసి చూసే ధైర్యం మాత్రం నాకింతవరకు రాలేదు.