రంభ ఒడ్డున నా ఎడమకాలు

ఈ ఉదయం గోసాని నువాగాం నుంచి మా లాబ్రడార్ కుక్క టైగర్‌ని చిలిక సరస్సు ఒడ్డునున్న రంభ ఊరికి తీసుకెళ్లాను. అక్కడ చేపలు పట్టే అప్పన్న మావ దానికి నీళ్లలో పడిన వస్తువు తేవడం నేర్పుతున్నాడు. ఆయన వలకు కట్టే బెండు చిలికలోకి విసిరి, ఒడియాలో "జా", అంటే వెళ్లు, అనేదాకా కుక్క కదలకుండా కూర్చోవాలి. తొందరపడి దూకితే అడుగునున్న వలల్లో చిక్కుకుంటుంది.

మూడుసార్లు విసిరితే మూడుసార్లూ ఆ మాట రాకముందే దూకింది. మూడోసారి వల తాడు కాలికి చుట్టుకుని కుయ్యోమంది. మావ మొలలోతు నీళ్లలోకి దిగి విడిపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"దీనికి ఓపికనేదే లేదు మావా, ఏటి సెయ్యమంటావు?"

"కుక్కనేటంటావు బాబూ? బెండు నా సేతిలోంచి ఎల్లగానే నీ ఎడంకాలు ముందుకు పోతంది. అది నీ కాలే సూత్తంది. ముందు నువ్వు కూకో!"

ఇసుకలో చతికిలబడ్డాను. బెండు పడింది. టైగర్ కదల్లేదు! "జా" అన్నాకే వెళ్లి, తెచ్చి నా ఒళ్లో పడేసింది.

మీ ఇళ్లలోనూ ఇంతేనా, చెప్పండి. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు నేను మూడుసార్లు లేచాను. మూడుసార్లూ టైగర్ కూడా లేచింది.