ఉప్పేసి బాగుచేసిన కారు పాట

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, తిరుపతిలో అక్కావాళ్లింట్లో ఉంటున్న ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ వస్తువు చెడిపోయినా దాన్ని బాగుచేసే పుస్తకం మా గ్రంథాలయంలో ఏదో ఒక బీరువాలో ఉండి తీరుతుందని. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లంటే కాస్త చిన్నచూపు కూడా. (బస్సు వేళలు మాత్రం ఫోన్లోనే చూసుకునేవాణ్ని, అది వేరే సంగతి.)

బావ అప్పుడే పాత కారొకటి కొని ట్యాక్సీ తిప్పడం మొదలుపెట్టాడు. రేణిగుంట విమానాశ్రయం నుంచి యాత్రికులను తెచ్చే పని ఒక హోటలుతో నెలవారీగా కుదిరేలా ఉంది. కుదిరితే ఆయన రోజంతా స్టేషను ముందు బేరాల కోసం నిలబడక్కర్లేదు. అడ్డమల్లా కారులోని మ్యూజిక్ సిస్టమే. పాట పెడితే దాని వెనక సన్నగా 'కుయ్'మని కూత. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ అదీ గొంతు పెంచేది, చెవిలో దూరిన దోమకు కోపం వచ్చినట్టు. పొద్దున బండి చూడ్డానికొచ్చిన హోటలు మేనేజరు, మా గెస్టులు పెద్దవాళ్లు, ఈ కూతతో కొండెక్కితే తలనొప్పి వస్తుంది, సాయంత్రం మళ్లీ వస్తాను, అప్పటికీ ఇట్లే ఉంటే వేరే బండి చూసుకుంటానని చెప్పి వెళ్లాడు. సిస్టం బిగించిన షాపతను చూస్తే చిత్తూరులో పెళ్లికి పోయాడు. ఇక మిగిలింది నేను.

పెన్‌డ్రైవు మార్చాను. తలుపు విప్పి స్పీకరు వైర్లు లాగి చూశాను. మళ్లీ బిగించాక కొన్ని స్క్రూలు మిగిలాయి (ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను). కూత తగ్గలేదు. బావ కారు చుట్టూ తిరుగుతున్నాడు, నేను బావ చుట్టూ. ఆగలేక గ్రంథాలయానికి పరుగెత్తాను. పాత రేడియో మరమ్మత్తు పుస్తకంలో దొరికింది: ఎర్త్ సరిగా లేకపోతే కూత వస్తుందట. ఆ ఎర్త్ ఎలా వెయ్యాలో అందులో లేదు. పక్క బీరువాలో, ఇంటి వైరింగు పుస్తకంలో ఉంది: గొయ్యి తియ్యాలి, బొగ్గూ ఉప్పూ వెయ్యాలి, ఇనుపకడ్డీ పాతాలి, నీళ్లు పొయ్యాలి. ఈ రెండు పుస్తకాలనూ కలిపి ఆలోచించగలిగినవాడు ఊరు మొత్తానికి నేనొక్కణ్నే అనుకుంటూ ఇంటికొచ్చాను.

కరివేపాకు చెట్టు పక్కన గొయ్యి తీసి గడ్డపార పాతాను. కల్లుప్పు అడిగితే అక్క, "మామిడికాయకని తెచ్చిపెట్టుకున్న ఉప్పురా అది. కారుకు ఊరగాయ పెడతావా?" అంది, కానీ ఇచ్చింది. కారులో సీటు కింద, ఆంప్లిఫయరు నుంచి వచ్చే నల్ల వైరు కారు రేకుకే ఒక స్క్రూతో బిగించి ఉంది. అది విప్పి, రంగూ తుప్పూ పోయేదాకా ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, నల్ల వైరుకు తోడుగా పొడుగాటి వైరొకటి చేర్చి గట్టిగా బిగించాను. దాని రెండో కొస తలుపులోంచి తెచ్చి గడ్డపారకు చుట్టాను. బావ ఇంజను ఆన్ చేసి పాట పెట్టాడు. యాక్సిలరేటరు తొక్కాడు. పాట తప్ప ఇంకేమీ వినిపించలేదు.

బావ వైరు వంక చూశాడు. గడ్డపార వంక చూశాడు. "అంతా బాగుండాది గానీ అబ్బోడా, బండి కదిలితే గడ్డపార ఎవురు మోసుకొస్తారు?"

ఈ ప్రశ్న రెండు పుస్తకాల్లోనూ లేదు. జవాబు వెతుక్కునేలోపే మేనేజరు స్కూటరు దిగి, దిగినవాడు దిగినట్టే కారెక్కాడు. వైరు విప్పుదామని నేను వంగేసరికి బావ కంగారులో గేరు వేసేశాడు. గొయ్యి దగ్గర వైరు టప్పున తెగి, తోకలా ఊగుతూ కారుతోపాటు వెళ్లిపోయింది. ఈపాటికి కూత మొదలై ఉంటుందని, మేనేజరు మొహం ముడుచుకుని ఉంటాడని ఊహించుకుంటూ గేటుకూ గొయ్యికీ మధ్య తిరిగాను. "ఆ గుంత పూడ్సి ఒక తావున కూసోరా. నువ్వు తిరగతా ఉంటే నాకు కళ్లు తిరగతా ఉండాయి" అంది అక్క.

కారు తిరిగొచ్చింది. మేనేజరు దిగి, "సౌండు బాగుండాదప్పా. రేపు పొద్దున ఫ్లైటుకు వచ్చెయ్" అన్నాడు. బావ నన్ను చూసిన చూపు మళ్లీ ఎవరి కళ్లలోనూ చూడలేదు.

కారుకు ఎర్త్ అంటే భూమి కాదు, దాని రేకేనని, కూతను ఆపింది ఉప్పు కాదు, గరుకు కాగితమని కొన్నాళ్లకు ఇంకో పుస్తకంలో చదివాను. బావకు విడమరిచి చెప్పాను. ఆయన మర్యాదగా విని, ట్యాక్సీ స్టాండులో మాత్రం ఉప్పు కథే చెప్పుకున్నాడు. ఓ పొద్దున ఇంకో డ్రైవరు కల్లుప్పు పొట్లంతో గేటు దగ్గర నిలబడ్డాడు. ఉప్పు అక్కర్లేదు, స్క్రూ కింద గరుకు కాగితంతో రుద్దితే చాలన్నాను. "అట్ల కాదప్పా. మీ బావకు సేసినట్టే సెయ్" అన్నాడు. ముందు రుద్దాను. తర్వాత, ఆయన తృప్తి కోసం, గొయ్యి కూడా తవ్వాను.

ఇప్పుడు మా ఇంట్లోనే బీరువా నిండా పుస్తకాలు. ఏదైనా చెడిపోతే కారణం చదువుతాను, అది నిజమో కాదో ఇంకో పుస్తకంలో చూసుకుంటాను, ఆ తర్వాత షాపుకు ఫోను చేసి, వాళ్లొచ్చేదాకా కుర్చీలోంచి లేవను. మొన్న వచ్చినప్పుడు అక్క ఇదంతా చూసి, "నీకు కుదురొచ్చిందిరా" అంది. మెచ్చుకుందో, జాలిపడిందో తెలియలేదు. ఔనక్కా అన్నాను.