నాలుగో పాటలో ఆ ఏడు సెకన్లు

రమణ పోయాడు.

ఈ రెండు మాటలు టైప్ చేసి పావుగంట అలాగే చూస్తూ కూర్చున్నాను. నాకింకా బుర్రకి ఎక్కట్లేదు.

నిన్న పొద్దున శీను ఫోన్ చేశాడు. "ఒరేయ్, రమణగాడు లేడ్రా" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "లేకపోతే ఎక్కడికెళ్లాడు?" అన్నాను.

బుద్ధిలేని వెధవని. అవతల వాడు వెక్కిళ్లు పెడుతుంటే అప్పుడర్థమైంది. రమణ ఒంగోలు నుంచి కావలి ప్రోగ్రాంకి బైక్ మీద వెళ్తున్నాడట. తెల్లారుజామున సింగరాయకొండ దగ్గర హైవే మీద స్కిడ్ అయిందట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

మన ఈ ఆన్‌లైన్ కమ్యూనిటీలో కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్తున్నాను. టిక్కీ బ్రదర్స్ అంటే రమణ, శీను. మా గుంటూరులో మిర్చి బస్తాని టిక్కీ అంటారు. తెలుగులో రాప్ ఏంట్రా బాబూ అని అందరూ నవ్వే రోజుల్లో వీళ్లు "యార్డు గేటు" అని క్యాసెట్ వేశారు. తర్వాత "తాలు కాయలు". ఆ రెండూ మోగని హాస్టల్ రూమ్ మన జిల్లాలో లేదు. నా క్యాసెట్ అరిగి అరిగి ఆఖరికి టేపు చుట్టుకుపోయింది.

పోయిన నెల మూడోది వచ్చింది. "కోల్డ్ స్టోరేజ్". ఈసారి సీడీ. హైదరాబాద్‌లో పెద్ద స్టూడియో.

దానికి ఇక్కడ రివ్యూ రాసింది నేనే. ఐదుకి రెండు స్టార్లు.

"సౌండ్ నీట్‌గా ఉంది, కానీ ఇద్దరూ చెరో ఊళ్లో కూర్చుని పాడినట్టుంది" అని రాశాను. అక్కడితో ఆగానా? "నాలుగో పాటలో రమణ చరణం అయ్యాక ఏడు సెకన్లు ఒట్టి బీటే. శీను నిద్రపోయాడా, ఎడిటర్ నిద్రపోయాడా?" అని కూడా రాశాను. మీరందరూ కింద స్మైలీలు పెట్టారు. నాకూ భలే రాశాననిపించింది.

మొన్న ఆదివారం రమణ ఫోన్ చేశాడు. ఇవాళ నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏరా, బాగా దులిపావ్‌గా!" అని పకపకా నవ్వాడు. నవ్వాపి, "ఆ నాలుగో పాటలో ఖాళీ గురించి నీతో మాట్లాడాల్రా. ఫోన్లో కాదు, ఒకసారి రా" అన్నాడు.

పత్తి తీతలు అయ్యాక వస్తానన్నాను.

ఏం చెబుదామనుకున్నాడు? నిన్నటి నుంచి నాకు ఇదే గోల. తిడదామనుకున్నాడా? బాధపడ్డాడా? బాధపడితే అలా నవ్వుతాడా?

వీళ్ల తువ్వాలు గురించి మీలో చాలామందికి తెలీదు.

రమణ వాళ్ల నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. అక్కడ పాతకాలం బేరం ఎలాగంటే, ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలీదు. అది చూస్తూ పెరిగాడు కదా, రాప్‌లోకి తెచ్చిపెట్టాడు. ఇద్దరికీ ఒకటే మైకు, పక్కపక్కన నిలబడి చేతుల మీద తువ్వాలు. ఎన్ని వేళ్లు నొక్కితే అన్ని లైన్లు మిగిలాయని. చెయ్యి మొత్తం పట్టి నొక్కితే, నాదైపోయింది, నువ్వందుకో అని.

ఒకసారి అమరావతిలో తిరునాళ్లకి ప్రోగ్రాం. ముందు వరసలో ఒక పెద్దాయన ఆ తువ్వాలు చూసి చూసి, ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"ఏవయ్యా, పాట మధ్యలో బేరమేంటి? ఎంతకి తేలింది?"

రమణ బీట్ తప్పకుండా, "ఇంకా తేల్లేదు పెదనాన్నా, కూర్చో!" అన్నాడు. జనం ఈలలు. నేను నవ్వలేక కింద కూలబడ్డాను.

అలాంటోడు లేడంటే ఎలా నమ్మాలి?

నిన్న సాయంత్రం రమణ ఇంటి ముందు శీనుని పక్కకి తీసుకెళ్లి అడిగాను. అడగాల్సిన టైమ్ కాదని తెలుసు. అయినా ఉండలేకపోయాను. "నాలుగో పాటలో ఏమైందిరా?"

"స్టూడియోలో మమ్మల్ని చెరో గాజుగదిలో పెట్టార్రా" అన్నాడు. "వాడు చరణం అయిపోగొట్టాడు. నేను నొక్కుడు కోసం చూస్తా ఉన్నా. వాడు అక్కడున్నాడు, నేనిక్కడున్నా, నొక్కుడెలా వస్తది? ఆ సంగతి నాకు తట్టేసరికి ఏడు సెకన్లు పోయినయ్."

"మరి మళ్లీ చేయచ్చుగా?"

"ఇంజినీరూ అదే అన్నాడు. రమణగాడే వద్దన్నాడు. అలాగే ఉంచండి అన్నాడు."

"ఎందుకు?"

"నేనడగలేదురా. అడగాల్సింది."

ఇదీ సంగతి. చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు లేడు.

రమణని తీసుకెళ్లే ముందు శీను తన భుజం మీది తువ్వాలు తీశాడు. రమణ చేతిని తన చేతిలోకి తీసుకుని, దాని మీద కప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఇదేదో ఆచారం అనుకున్నారు. రమణ వాళ్ల నాన్నగారికి మాత్రం తెలిసింది. ఆయన గోడవైపు తిరిగి భోరుమన్నారు.

శీను చాలాసేపు ఆ చెయ్యి పట్టుకుని అలాగే ఉన్నాడు. పాడె మోసేవాళ్లు ఇక చాలు బాబూ అంటున్నా లేవలేదు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను. "ఏం నొక్కావురా?"

"నేనేం నొక్కలేదు" అన్నాడు. "వాడు నొక్కుతాడేమోనని చూశా."

ఇంటికొచ్చి ఆ నాలుగో పాట పెట్టాను. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో తెలీదు. ఆ ఏడు సెకన్లు వచ్చినప్పుడల్లా నా చెయ్యే పక్కకి పోతోంది.

ఆ రెండు స్టార్లు తీసేద్దామని రివ్యూ ఓపెన్ చేశాను. తీసేసి ఎన్ని పెట్టాలో తెలియలేదు. అలాగే ఉంచాను. అది తప్పో ఒప్పో మీరే చెప్పండి, నాకైతే ఏమీ అర్థం కావట్లేదు.

రమణా, రాలేదురా నేను. పత్తి ఎక్కడికి పోతుందని రాలేదో!

వెళ్లిరా. నీకక్కడ ఏ గాజుగదీ అడ్డం లేకుండా, ప్రశాంతంగా ఉండాలిరా.