ఎల్లిపాయ కారం, పళ్ల మధ్య దారం

ఎర్రోళ్ల మహేశ్వరిని కమలకుమారి మొట్టమొదట చూసింది తలకిందులుగా. బహదూర్‌పురాలో శారదమ్మ నడిపే లేడీస్ పార్లర్‌లో, వెనక్కి వాల్చిన కుర్చీలో కళ్లు మూసుకుని పడుకున్న కమలకుమారి, గడ్డానికి వెంట్రుకలు తీసే దారం తగిలేలోపే గుప్పున ముఖానికి కొట్టిన వాసనకు కళ్లు తెరిచింది. పైన, జానెడు దూరంలో, ఒక గుండ్రటి ముఖం. పళ్ల మధ్య బిగించి పట్టిన తెల్లదారం. ఆ దారాన్ని ఒరుసుకుంటూ వచ్చే ప్రతి ఊపిరిలోనూ వెల్లుల్లి.

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి కమలకుమారి. ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి, పాతబస్తీలోనే ఉండిపోయింది. తన గడ్డం మీద మొలిచిన నాలుగు వెంట్రుకలను సైతం వరుస తప్పి నిలుచున్న పిల్లలను చూసినట్టే చూస్తుంది. అటువంటి మనిషి కుర్చీలో లేచి కూర్చుని, పొద్దున ఏం తిన్నావని అడిగింది. మహేశ్వరి నోట్లోంచి దారం తీసి, దాపరికమేమీ లేకుండా జవాబిచ్చింది.

"జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఎందుకు టీచరమ్మా, మీకు గూడ తేవాల్నా?"

ఆ పనిలో ఒక ఇబ్బంది ఉంది. దారం ఒక కొస పళ్లతో పట్టుకుని, మిగతాది రెండు చేతుల వేళ్లకు మెలివేసి, ఎదుటి మనిషి ముఖం మీదికి వంగితే తప్ప కనుబొమ్మ చక్కబడదు. పని ఎంత బాగా వస్తే అంత దగ్గరగా వంగుతారు. మహేశ్వరికి ఆ పని చాలా బాగా వచ్చు. నొప్పి తెలిసేలోగా వెంట్రుక ఊడి వచ్చేది, వరుస గీత గీసినట్టు ఉండేది. అందుకే ముక్కు చిట్లిస్తూనే కమలకుమారి పదిహేను రోజులకొకసారి వెళ్లేది, ప్రతిసారీ మందలించేది, ప్రతిసారీ అదే వాసన.

మిగతా వాళ్లు అంత ఓర్పు పట్టలేదు. కాలేజీ అమ్మాయిలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునేవారు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ఉన్న ఒకావిడ, ఆ వెల్లుల్లి మనిషి, ఆ లసన్‌వాలీ వద్దు, ఇంకొకరిని పిలవండని ముఖం మీదే చెప్పింది. అప్పటినుంచి ఆ పేరే స్థిరపడిపోయింది. చివరికి శారదమ్మ, ఇంకొక్క ఫిర్యాదు వస్తే కుర్చీ వేరే పిల్లకు ఇచ్చేస్తానని తేల్చి చెప్పింది. మహేశ్వరి భర్త నగేష్ ఆటో నడిపేవాడు, కాలు విరిగి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ఆ కుర్చీ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఈ సంగతి తెలిసిన రోజున కమలకుమారికి జాలి కంటే ముందు కోపం వచ్చింది. ఇంత చిన్న విషయానికి ఉద్యోగం పోగొట్టుకుంటారా? పని ఉన్న రోజుల్లో మానేసి, సెలవునాడు కావలసినంత తినరాదా అని నిలదీసింది.

"పొద్దుగూకేదాక నిలబడి చేసేదాన్ని," అంది మహేశ్వరి. "ఆ రెండు రొట్టెలు కడుపులకు పోవాలె గద. కారం లేకుంటే రొట్టె దిగదు టీచరమ్మా. రెండు దినాలు మానేసి చూసిన. మా ఆయనతోని లొల్లి, మా అత్తతోని లొల్లి, ఆఖరికి కుక్కరుతోని గూడ లొల్లి."

అంటూనే టిఫిన్ డబ్బా మూత తీసింది. తప్పు ఎక్కడుందో చూపించాలనే ఉద్దేశంతోనే కమలకుమారి ఒక రొట్టెముక్క తుంచుకుంది. పొట్టు తీయని రెబ్బలను జీలకర్రతో, ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఎర్ర కారం కలిపి, పైన వేడినూనె పోసిన ముద్ద అది. మొదట నాలుక మండింది, ఆ వెనుక తియ్యగా ఏదో వచ్చి ఆ మంటను సర్దింది. ఆమె ఇంటి పప్పులోనూ వెల్లుల్లి తాలింపు ఉండేది, కాని ఇంత ధైర్యంగా ఎన్నడూ లేదు. చూస్తుండగానే రొట్టె పూర్తయింది. దానితో కమలకుమారి చిరాకు రెట్టింపైంది. రుచిగా లేకపోయి ఉంటే మానమని చెప్పడం ఎంత సులువుగా ఉండేదో.

ఇక మాన్పించడం వదిలిపెట్టి, వాసనను అదుపులో పెట్టే బాధ్యతను తానే తీసుకుంది. సోంపు నమిలించింది. పుదీనా నమిలించింది. తినగానే గ్లాసెడు పాలు తాగమంది, యాపిల్ ముక్క కొరకమంది. రోజుకు మూడుసార్లు పళ్లు తోమించింది. ప్రతిదీ పావుగంట పనిచేసేది, ఆ తరువాత మళ్లీ మామూలే. వాసన నోట్లో మాత్రమే లేదని, నెత్తుట్లో కలిసి ఊపిరితో వస్తుందని ఎక్కడో చదివి, ఆ మాట మహేశ్వరికి ఓపికగా వివరించింది. మహేశ్వరి అంతా విని, అయితే తోముడు దండుగనే గద అని, బ్రష్షును సంచీలో పడేసుకుంది.

ఆఖరికి కమలకుమారి లవంగం చెప్పింది. అరగంటకొకటి బుగ్గన పెట్టుకోవాలి, మరిచిపోకూడదు. కచ్చితంగా చెప్పింది, రెండుసార్లు చెప్పింది. దారం పట్టుకునే ముందు దాన్ని ఉమ్మేయాలన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెప్పవలసిన విషయమని ఆమెకు తోచనే లేదు.

మహేశ్వరి ఈ ఒక్క విషయంలో మాత్రం అక్షరాలా మాట విన్నది. బుగ్గన లవంగంతోనే పళ్ల మధ్య దారం బిగించింది. కుర్చీలో ఉన్న అమ్మాయికి ఎల్లుండి చెల్లెలి పెళ్లి. లవంగం పంటి కింద పడి చిట్లింది, ఘాటు గొంతుకెక్కింది, దగ్గు వచ్చింది, తలతోపాటు దారమూ ఎగిరింది. ఎడమ కనుబొమ్మ మధ్యలో గోరంత మేర ఖాళీ పడింది. ఆ అమ్మాయి అద్దం చూసుకుని ఏడ్చింది, ఆ అమ్మాయి తల్లి వచ్చి అరిచింది. సాయంత్రానికి శారదమ్మ, మర్నాటి నుంచి రావద్దని చెప్పేసింది.

విన్న వెంటనే కమలకుమారి చెప్పులు తొడుక్కుని పార్లర్‌కు వెళ్లింది. లవంగం తన సలహా అని, తప్పు తనదని ఒప్పుకుంది. తరగతిలో పిల్లల ముందు కూడా అంత స్పష్టంగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. శారదమ్మ మెత్తబడలేదు. వాసన పోదు, తిండి మారదు, ఇంకేం చేద్దామని అడిగింది. కమలకుమారికి ఓపిక నశించింది. దారం కొస నోటితోనే పట్టుకోవాలని ఎక్కడైనా రాసిపెట్టి ఉందా అని విసుక్కుంది.

శారదమ్మ చేతిలోని తువ్వాలు మడిచి కుర్చీ మీద వేసింది. తరువాత నెమ్మదిగా చెప్పింది. "కరోనా అప్పుడు పెద్ద పార్లర్లల్ల దారం మెడకు కట్టుకొని, మాస్క్ పెట్టుకొని చేసిండ్రు. మహేశ్వరికి అలవాటు లేదు టీచరమ్మా. పదహారేండ్లు పండ్లతోనే చేసింది. గిప్పుడు నేర్చుకోవాలంటే ఎవరి మొహం ఇయ్యాలె? నా గిరాకీల మొహాలైతే ఇయ్య."

"నాది ఉంది," అంది కమలకుమారి.

వారం గడువు దొరికింది. రోజూ మధ్యాహ్నం కమలకుమారి ఆ కుర్చీలో పడుకునేది. పళ్లకు తెలిసిన బిగువు మెడకు తెలియదు. మహేశ్వరి అలవాటుగా తల ఆడిస్తే దారం వదులయ్యేది, చేతులు లాగితే మెడ కోసుకుపోయేది. మొదటిరోజు ఎడమ కనుబొమ్మ సన్నబడింది. దానికి సమానం చేయబోతే మర్నాడు కుడిది ఇంకా సన్నబడింది. మాస్క్ వెనుక నుంచి మహేశ్వరి తనను తానే తిట్టుకునేది. కమలకుమారి కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చెయ్యమనేది. శనివారానికి కనుబొమ్మల చోట తుడిచినా పూర్తిగా పోని రెండు సుద్దగీతలు మిగిలాయి. కూరగాయల బండివాడు బబ్లూ, ఒంట్లో బాగాలేదా అమ్మా అని పరామర్శించాడు. ఇంట్లో మూలపడిన దళసరి ఫ్రేము కళ్లజోడు తీసి పెట్టుకోక తప్పలేదు.

ఆదివారం పొద్దున శారదమ్మ స్వయంగా కుర్చీలో పడుకుంది. మహేశ్వరి మాస్క్ సర్దుకుంది, దారం మెడ వెనుక ముడివేసుకుంది, వంగింది. ఆ పది నిమిషాలు కమలకుమారి తన జవాబుపత్రమే ఎవరో దిద్దుతున్నట్టు గోడనానుకుని నిలుచుంది. శారదమ్మ లేచి అద్దం దగ్గరికి వెళ్లింది. ఎడమవైపు చూసుకుంది, కుడివైపు చూసుకుంది, వేలితో ఒకసారి తడిమి చూసుకుంది. మెచ్చుకోలేదు. తలుపు తెర తప్పించి, బయట కూర్చున్న బురఖా ఆవిడను మహేశ్వరి కుర్చీకే రమ్మని పిలిచింది.

కమలకుమారి చేతిసంచి అందుకుని గడప దాటుతుండగా మహేశ్వరి వెనకాలే వచ్చింది. కృతజ్ఞత చెబుతుందేమో, అలాంటివేమీ వద్దని ముందే వారించాలని కమలకుమారి అనుకుంటూ ఉంది. మహేశ్వరి మాస్క్ కిందికి లాగింది. ఆ పొద్దున కూడా రొట్టె, కారమే తిని వచ్చిందని వెంటనే తెలిసిపోయింది. టీచరమ్మ కళ్లజోడు పైనున్న రెండు గీతలను కాసేపు పరీక్షగా చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"టీచరమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి, రెండు నెలలల్ల మొలుస్తయి. గప్పటిదాక మీకు ఐబ్రోస్ ఎవరు చేసిండ్రని ఎవరన్నా అడిగితే, నా పేరు మాత్రం చెప్పకుండ్రి."