మారెంగా తెచ్చిన నీళ్ళు

బనాబా దీవిలో మగవాళ్ళది పక్షుల పిచ్చి, ఆడవాళ్ళది పాకే పని. దీవి బోర్లించిన చట్టిలా ఉంటుంది. ఏరు లేదు, వాగు లేదు, చుట్టూ నోట పెట్టుకోలేని సముద్రం. వాన మొహం చాటేసిన ఏడాది మంచినీళ్ళు రాతి కడుపులోని గుహల్లోనే దొరుకుతాయి. అక్కడ మగవాడు అడుగుపెట్టకూడదు. ఎందుకని అడిగితే మారెంగా, "పెడితే దారి తప్పి మళ్ళీ మమ్మల్నే కేకేస్తారు" అనేది.

చిన్నప్పుడు తల్లి మడమ పట్టుకుని పాకిన మారెంగా, మనవరాలు పుట్టాక కూడా పాకుతూనే ఉంది. ఆమె నడుం లావెక్కింది గానీ గుహ వెడల్పు కాలేదు. ఎండు కొబ్బరాకుల దివిటీ వెలుగులో కొబ్బరి బుర్రలు నింపి, ఆకు బిరడాలు కుక్కి, వాటిని ముందుకు నెట్టుకుంటూ బయటపడేది.

ఆ కరువులో కొబ్బరిచెట్లు మోళ్ళయ్యాయి. గుహ మడుగు అడుగంటింది. రెండ్రోజులకి మనిషికో బుర్ర అని ఆడవాళ్ళు కట్టు పెట్టుకున్నారు. అయినా మారెంగా మొగుడు బరానికో పెంచే ఎయితెయి పక్షి మాత్రం సముద్రపు గట్టు మీద దండె ఎక్కి, కత్తెర తోక సవరించుకుంటూ నిగనిగలాడుతోంది. పరాయి పక్షుల నోట్లో చేపను గాల్లోనే లాక్కునే జాతి అది. దాన్ని ఎరగా చూపి అడవి ఎయితెయిలను రప్పించి, రాయి కట్టిన తాడు విసిరి దించినవాడు ఊళ్ళో మీసం మెలేస్తాడు.

మారెంగాకి అనుమానం వచ్చింది. గట్టు మీద మగాళ్ళందరి ముందూ నిలదీసింది.

"ఏవయ్యా, బాలింత కోడలి నీళ్ళు ఆ దొంగపిట్ట గొంతులో పోస్తున్నావా?"

"నీ నోటికి మాత్రం కరువు రాలేదే" అని నవ్వేశాడు బరానికో.

మర్నాడు పొద్దున్నే ఆమె చాటుగా చూసింది. బరానికో తన బుర్రే ఎత్తి పుక్కిట పట్టి, ఆ నీళ్ళు పక్షి ముక్కులోకి వదిలాడు. బుర్ర ఖాళీ అయ్యేదాకా అంతే. ఒక్క గుక్క మింగలేదు. లేవబోయి, తూలి కూలబడ్డాడు. మారెంగాకి ఒళ్ళు మండింది, ముందు అతని మీద, ఆపైన తన నోటి మీద.

గుహ దగ్గర వదిన అడ్డుపడింది.

"మీ వంతు నిన్నే అయిపోయిందిగా!"

"వంతు నీళ్ళు ముట్టను. కింది మడుక్కి పోతా."

"అక్కడికి ఎవరూ పోరు. ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటే మా ఆయనకి చెప్పకు. గుహలోకి రాకూడదు, రాకుండానూ ఉండడు."

ఆ మడుగు దగ్గర రాయి వీపును తాకుతుంది. మారెంగా ఊపిరి బిగబట్టి దూరింది. ఒకే ఒక్క బుర్రతో, దోక్కుపోయిన వీపుతో గట్టుకొచ్చి దాన్ని మొగుడి చేతిలో పెట్టింది.

"తాగు."

"నీళ్ళు పెట్టకపోతే ఎగిరిపోతుందే. మళ్ళీ రాదు."

"ఎగిరిపోతే ఇంకోటి దొరుకుతుంది. నువ్వు పోతే నేనెవర్ని తిట్టుకోను? తాగు."

తాగాడు. సగం తాగాక ఆమె వీపు మీది రక్తం చూశాడు. కళ్ళు నిండిపోయాయి.

"ఏడవకయ్యా" అంది మారెంగా. "నీళ్ళు దండగ."